తొమ్మిది ముక్కల టీసీ

మీరే చేశారు. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే అంటున్నది. రాయునిపేట ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ డాక్టర్ ఎలగందుల విశ్వమోహనాచార్యులు గారూ, మీరు. ఆయన రాసిన ఉత్తర్వును చదవకుండానే "బాగుంది, బాగుంది" అని తలలూపిన పాలకమండలి పెద్దలూ, మీరు. కారు దిగి, శాలువాలు కప్పించుకుని, జీడిపప్పు నమిలి, ఆ పిచ్చికి మార్కులు వేసి వెళ్లిన తనిఖీ బృందం వారూ, మీరు కూడా. ఒక ఆడపిల్ల ఏదో నేర్చుకుందామని తన బుర్ర పెట్టి చక్కటి ప్రోగ్రాం ఒకటి రాసుకుంటే, దాన్ని ఎత్తుకుపోయి కాలేజీ ఆఫీసు నెత్తిన రుద్దారు. ఆ పిల్ల టీసీని తొమ్మిది ముక్కలు చేశారు. కత్తెరతో. మాటవరసకు అంటున్నది కాదు, బట్టలు కోసే నిజం కత్తెరతో.

జరిగింది జరిగినట్టు వినండి.

ఆ పిల్ల పేరు సామల గంగోత్రి. కంప్యూటర్ సైన్స్, చివరి సంవత్సరం. కాలేజీలో నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, ల్యాబ్ మాన్యువళ్లు అన్నీ ఒకే సర్వర్లో ఉండేవి. ఆ సర్వర్ పరీక్షలు దగ్గరపడగానే క్రమం తప్పకుండా చచ్చిపోయేది. మిగతా కాలమంతా సుబ్బరంగా బతికి ఉండేది, ఎందుకంటే అప్పుడు దాంతో ఎవరికీ పని ఉండదు. గంగోత్రికి ఒళ్లు మండింది. అసలు సర్వరే లేకుండా చేస్తే? హాస్టల్ నిండా ల్యాప్‌టాప్‌లున్నాయి. ఒక్కో ఫైలును ముక్కలు చేసి తలా కొన్ని దాచుకుంటే, కావలసినవాళ్లు ఒకరి నుంచి ఒకరు తెచ్చుకుని అతికించుకుంటారు. ఇలా ఇచ్చేవాళ్లను సీడర్లనీ, అంటే విత్తనాలు వేసేవాళ్లనీ, తీసుకునేవాళ్లను లీచర్లనీ, అంటే జలగలనీ అంటారు. మధ్యలో పెద్దమనిషి అక్కర్లేదు. ఏ ఒక్కరి మిషన్ ఆగినా ఫైలు ఆగదు.

అక్కడితో ఊరుకుందా? ఊరుకోలేదు. దాన్ని ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో రాస్తానని పంతం పట్టింది. సిలబస్‌లో ఆ పేరుతో ఒక చాప్టర్ ఉంది. చెప్పేవాళ్లు లేక, ఏటా "ఇది మీరే చదువుకోండి" అని వదిలేస్తారు. ఈ పిల్ల నిజంగానే చదువుకుంది. ఆ పద్ధతికి కొన్ని పట్టింపులున్నాయి. ఒక పేరుకు ఒక విలువ ఇచ్చాక ఇంక మార్చకూడదు, మార్పు కావాలంటే కొత్తది చేసుకోవాలి. ఒక ఫంక్షన్‌ను ఏదైనా అడిగితే అది జవాబు మాత్రమే చెప్పాలి, ఆ సందులో పక్కనున్న దేన్నీ కదిలించకూడదు, ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దాన్ని సైడ్ ఎఫెక్ట్ అంటారు. "మా అమ్మమ్మ మడి కన్న ఘోరమే ఇది" అని గంగోత్రి తన రూమ్మేట్ ఫర్హీన్‌తో మొత్తుకుంది. మొత్తుకుంటూనే రాసింది. లెక్కపెట్టే అంకెను ఒకటి పెంచుదామంటే కుదరదు. ఉన్న జాబితాలో ఒకటి చేరుద్దామంటే కుదరదు. తిట్టింది, చెరిపింది, మళ్లీ రాసింది. ఒకరోజు అన్నీ కుదిరాయి.

కుదిరాయి గానీ ఫైలు రాలేదు.

"ఏమైందే? ముక్కలన్నీ వచ్చినయంటున్నది గదా?" అంది ఫర్హీన్, స్క్రీన్ మీదికి వంగి.

"వచ్చినయ్. ఏ ముక్కకు ఆ ముక్క గుర్తు సరిపోయింది. అతికినయ్ కూడా."

"మరి ఫైలేది?"

ఫైలు లేదు. ల్యాప్‌టాప్ మాత్రం రొట్టెల పెనంలా కాలుతోంది. గంగోత్రి జుట్టు పీక్కుని, చూసిందే చూసి, చివరికి నెత్తి మీద కొట్టుకుంది. ప్రోగ్రాం లెక్కంతా లోపలే చేస్తోంది. తయారైన ఫైలును డిస్కు మీద రాయమని మాత్రం దానికి ఎక్కడా చెప్పలేదు. రాయడమంటే బయటి ప్రపంచాన్ని ముట్టుకోవడం కదా, మడి ఊపులో అదీ ఆపేసింది. థూ అని తనను తానే తిట్టుకుని చివర్లో చిన్న భాగం ఒకటి చేర్చింది. లోపలంతా మడి. గడప దగ్గర మాత్రం ఒకడు నిలబడి వస్తువును బయటికి అందిస్తాడు.

"అంటే ఎవడో ఒకడు చేతులు ఖరాబ్ చేసుకోవాలన్నట్టు" అంది ఫర్హీన్.

"అంతే. ఆ ఒక్కడు లేకుంటే ఎంత చేసినా రూము వేడెక్కుడే, ఇంకేం లేదు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీకు గుర్తుండదనే ప్రత్యేకంగా చెబుతున్నది.

ప్రాజెక్టు వైవా రోజు ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి కూర్చున్నారు. చదువు మీద ప్రేమతో కాదు. తనిఖీ బృందం రాబోతోంది. వాళ్ల కాగితాల్లో 'మీ సంస్థ చేపట్టిన వినూత్న విధానం' అని ఒక గడి ఉంటుంది. పోయినసారి అందులో 'మొక్కలు నాటాం' అని రాస్తే, ఆ దుర్మార్గులు మొక్కలు చూపించమన్నారు. అందుకని ఈసారి ఎవరూ ఇది ఎక్కడుందని అడగలేని వినూత్నం కోసం వెతుకుతున్నారు.

గంగోత్రి చూపించింది. ఒక ఫైలు నలుగురి దగ్గర ముక్కలై, ఐదోవాడి దగ్గర మొత్తమై వచ్చింది. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అంటే ఇందులో కేంద్రం అంటూ ఏదీ లేదన్నమాట?"

"లేదు సార్."

"ఒకవేళ ఆలస్యమైతే, బాధ్యత ఎవరిది?"

"ఒక్కరిదని ఉండదు సార్. నెట్‌వర్క్‌ది."

ప్రిన్సిపాల్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. సర్వీసు మొత్తంలో ఇంత అందమైన వాక్యం ఆయన వినలేదు. గంగోత్రిని మడి గురించీ, మార్చరాని విలువల గురించీ గుచ్చి గుచ్చి అడిగారు. గడప దగ్గర నిలబడేవాడి గురించి ఆ పిల్ల చెప్పబోయేసరికి భోజనానికి లేచారు.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి, విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా: కళాశాల పరిపాలనను తక్షణము కేంద్రరహిత, పార్శ్వప్రభావరహిత విధానములోనికి మార్చడమైనది. సకల ధ్రువపత్రములను ఖండములుగా విభజించి పంపిణీ చేయవలెను. ఖండములు కలిగియుండి ఇచ్చువారు విత్తనదారులుగాను, కోరి వచ్చువారు జలగలుగాను వ్యవహరింపబడుదురు. ఇవ్వనివారికి ఇవ్వరాదు. ఒకసారి వ్రాసినదానిని మార్చరాదు, చెరపరాదు. ఏ ఉద్యోగియైనను అడిగినదానికి సమాధానము మాత్రమే చెప్పవలెను. ఆ సందర్భమున దేనినీ కదిలించరాదు; కదిలించినచో అది పార్శ్వప్రభావముగా (సైడ్ ఎఫెక్ట్) పరిగణింపబడును."

గంగోత్రి ఉరికింది. ప్రిన్సిపాల్ గది తలుపు నెట్టుకుని లోపలికి పోయింది.

"సార్, ప్రోగ్రాంల ముక్క ఇస్తే నా దగ్గర కూడా ఉంటది సార్. అది కాపీ. కాగితం ఇస్తే నా దగ్గర ఇంక ఉండదు."

"నకళ్లు చెల్లవమ్మా. నిబంధన ఉంది. అందువల్లనే అసలును ఖండిస్తున్నాం."

"సార్, ఇంకోటి, చివర ఒక భాగం ఉండాలె. గడప దగ్గర..."

"చూడమ్మా" అన్నారాయన చాలా ప్రేమగా. "నువ్వు ప్రోగ్రాం రాశావు. సంతోషం. దాన్ని అర్థం చేసుకోవడం పరిపాలన చూసుకుంటుంది."

పరిపాలన చూసుకుంది. ఆ వారమే ఆడిటోరియంలో సభ. వేదిక మీద పూలదండ వేసిన కత్తెర. చివరి సంవత్సరం వాళ్ల టీసీలన్నీ ముందుగానే రాసి, సంతకాలు చేసి, కట్టలు కట్టి పెట్టారు. ఆఫీసు సూపరింటెండెంట్ యాదగిరి సారు వాటిని కోస్తుంటే టైలర్ షాపులో ఉన్నట్టే ఆ చప్పుడు. టీసీకి తొమ్మిది ముక్కలు, మెమోకు పన్నెండు. ప్రిన్సిపాల్ గారు లేచి "సంస్థ తానే ఆదర్శం కావాలి" అని, అద్దం బిగించిన పటంలోంచి కాలేజీ గుర్తింపు పత్రాన్ని తీయించి, దాన్ని తన చేత్తోనే కోశారు. చప్పట్లు. అన్ని ముక్కలూ ఒకే పళ్లెంలో కలిపి, ప్రసాదంలా, చేతికొచ్చినవి చేతికొచ్చినట్టు అందరికీ పంచారు. లెక్చరర్లకు, గుమాస్తాలకు, విద్యార్థులకు, వాచ్‌మన్‌కు, క్యాంటీన్ ఓనర్‌కు.

గంగోత్రి వాటాకు ఒక గుండ్రటి ముద్ర వచ్చింది. ఊదారంగు. ఎవరిదో, దేనిదో. ప్రిన్సిపాల్ గారికి ఎవరి టీసీలోదో తన సంతకమే వచ్చింది. దాన్ని వెలుతురుకు పట్టి చూసుకుని మురిసిపోయి జేబులో పెట్టుకున్నారు.

ఇంక మొదలైంది.

ముందు డస్టర్లు పోయాయి. రాసింది చెరపరాదు కదా, అన్ని క్లాసుల డస్టర్లూ బీరువాలో పెట్టి తాళం వేశారు. మెకానిక్స్ చెప్పే సారు ఒక దూలం మీద బరువు ఎంత పడుతుందో లెక్క మొదలుపెట్టి, బోర్డు అయిపోతే గోడ మీదికి, గోడ అయిపోతే వరండాలోకి, అక్కడి నుంచి మెట్ల మీదుగా కిందికి దిగారు. క్లాసు మొత్తం నోట్సులు పట్టుకుని ఆయన వెనకాలే. జవాబు మగపిల్లల బాత్రూం తలుపు లోపలి వైపు తేలింది. ఆడపిల్లలు ఫలితం కోసం బయట నిలబడ్డారు.

"ఎంతొచ్చింది రా?" అని అరిచింది ఫర్హీన్.

"మైనస్ వచ్చింది! సారు మళ్లీ మొదటికెళ్లి వస్తుండు, జరుగున్రి!" అని లోపలి నుంచి కేక.

తర్వాత గేటు. వాచ్‌మన్ కొమురయ్యకు ఈ విధానం భలే నచ్చింది.

"అన్నా, గేటు తియ్యవా" అంది గంగోత్రి.

"తియ్యాలె" అన్నాడు కొమురయ్య కుర్చీలోంచి.

"తియ్యి మరి."

"తియ్యాలె అన్న గదా బిడ్డా. అది జవాబు. నేను లేచి తీసిననుకో, గేటు కదులుతది. గేటు కదిలితే పార్శ్వం."

"మరి లోపలికెట్ల వచ్చుడు?"

"దూకాలె" అన్నాడు. ఇది కూడా జవాబే.

అందరూ దూకారు. లెక్చరర్లు దూకారు. మొదట్లో సిగ్గుపడిన ఇంగ్లీషు మేడమ్ నెల తిరిగేసరికి టిఫిన్ క్యారియర్ ఒలకకుండా దూకడం నేర్చింది.

అందరికన్నా సుఖపడ్డవాడు యాదగిరి సారు. ఈ ఫంక్షనల్ పద్ధతిలోనే, ఫలితం ఎవరికైనా నిజంగా అవసరమయ్యేదాకా పని మొదలే పెట్టకుండా ఉంచే ఏర్పాటు ఒకటుందని ఎవరో ఆయన చెవిన వేశారు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నా సర్వీసంత నేను చేసింది ఇదేనా! దీనికి ఒక పేరు గూడ ఉన్నదా!" అని కండువాతో కళ్లొత్తుకున్నారు. సాయంత్రానికల్లా తన గది మీద 'సోమరి గణన విభాగం' అని బోర్డు రాయించారు. జవాబు పత్రాలు దిద్దించడం మానేశారు. "ఎవలన్నా వచ్చి ఏడిస్తే అప్పుడు దిద్దుదాం. ఏడ్వనోని మార్కులు దిద్దుడు వేస్టు."

గంగోత్రి ఏడవలేదు, గొడవ చేసింది. అందుకని ఆ పిల్లవి దిద్దారు. పాసైంది. అంతకన్నా పెద్ద సంగతి, హైదరాబాద్‌లో ఒక కంపెనీవాళ్లు ఆ ప్రోగ్రాంను చూసి, నాలుగు ప్రశ్నలడిగి, ఉద్యోగం ఇస్తామన్నారు. సోమవారం పొద్దున చేరాలి. ఒరిజినల్ టీసీ తేవాలి. తేకపోతే ఆ కుర్చీ కోసం వెనకాల ఇంకొకరు నిలబడి ఉన్నారు, వాళ్లను పిలుస్తారు. ఆ సంగతి ఫోన్‌లో మెత్తగానే చెప్పారు.

శుక్రవారం గంగోత్రి ఆఫీసు కిటికీ దగ్గరికి పోయింది.

"జలగ వచ్చింది!" అని లోపలికి కేకేశాడు గుమాస్తా.

"యాదగిరి సార్, నా టీసీ కావాలె. సోమవారం నౌకరిల చేరాలె."

"ఉన్నది తల్లీ" అన్నారు యాదగిరి సారు సంతోషంగా. "తొమ్మిది చోట్ల ఉన్నది. ఎవరెవరి దగ్గరున్నదో అడగకు. అది రాసిపెడితే కేంద్రం అయితదని రాయలే."

"మరి ఎట్ల దొరకవట్టుకోవాలె?"

"నెట్‌వర్క్‌ను అడుగు" అని కిటికీ వేయబోయి, కిటికీ కదిలితే పార్శ్వమని గుర్తొచ్చి, ముఖం మాత్రం పక్కకు తిప్పుకున్నారు.

నెట్‌వర్క్ క్యాంటీన్ దగ్గర ఉంది. శుక్రవారం అంగడిలా ఉంది. చివరి సంవత్సరం పిల్లలంతా చేతుల్లో ముక్కలు పట్టుకుని అరుస్తున్నారు. "తండ్రి పేరు ఉన్నది, తండ్రి పేరు! సివిల్ బ్రాంచి!" "పుట్టుమచ్చలు రెండున్నయ్, ఒక రోల్ నంబరుకు ఇస్త!" "ప్రవర్తన సంతృప్తికరం! ఎవలిదైనా ఏందిరా, అందరికి అదే రాసిండ్రు, తీస్కపోండ్రి!" ఇచ్చేది ఉంటేనే తీసుకోవచ్చు. గంగోత్రి దగ్గర ఆ గుండ్రటి ముద్ర ఒక్కటే ఉంది. చెయ్యెత్తి చూపించింది.

"ముద్ర ఒక్కదానితోటి ఏం జేసుకోవాలక్కా, నుదుట పెట్టుకోవాల్నా?" అన్నాడొక మెకానికల్ కుర్రాడు. అందరూ నవ్వారు.

అప్పుడు ఫర్హీన్ తన సంచి తెరిచింది. తన టీసీ ముక్కలు, వారం నుంచి కష్టపడి కూడబెట్టినవి, ఒక్కొక్కటే తీసి అంగట్లో పెట్టింది.

"ఫర్హీన్, పిచ్చా? నీ టీసీ?"

"నాకింకా నౌకరి రాలే గదా. వచ్చినప్పుడు చూసుకుంట. నువ్వు నోరు ముయ్యి, బేరం చెడుతది."

బేరం చెడలేదు. క్యాంటీన్ ఓనర్ దగ్గర గంగోత్రి పుట్టినతేదీ దొరికింది, సాంబారు మరకతో. ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర ఇంటిపేరు. వ్యాయామం నేర్పే సారు దగ్గర 'కళాశాల విడిచిన తేది' ఉంది. అడిగితే "ఉంది" అని రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. ఆయన ఉద్యోగి, కదిలించకూడదు. ఫర్హీనే ఆయన చొక్కా జేబులో వేళ్లు పెట్టి తీసుకుంది. పోలీసులకు దొరికిన దొంగలా చేతులెత్తుకునే ఆయన "ఇంకెవరికైనా కావాలా?" అని ఆ వైపు నడిచారు.

సాయంత్రానికి ఎనిమిది వచ్చాయి. తొమ్మిదోది సంతకం. ప్రిన్సిపాల్ సంతకం. అంగట్లో తిరిగిన సంతకాలేవీ ఆ పిల్ల కాగితం అంచుకు అతకలేదు, ఇంక మిగిలింది ప్రిన్సిపాల్ జేబులోనే ఉంది.

"సార్, నా టీసీ సంతకం మీ దగ్గరున్నదట."

"ఉంది."

"ఇయ్యండి సార్."

"అమ్మా, ఉంది అన్నది సమాధానం. ఇవ్వడం పార్శ్వప్రభావం. నీ ప్రోగ్రాంనుంచి మేం నేర్చుకున్నదే కదా."

గంగోత్రి ఆ జేబు వైపు చూసింది. వ్యాయామం సారు జేబు వేరు, ప్రిన్సిపాల్ జేబు వేరు. ఇందులో చెయ్యి పెడితే టీసీ కాదు, పోలీస్ స్టేషనే.

శనివారం తనిఖీ బృందం వచ్చింది. కారు గేటు దగ్గర ఆగి హారన్ కొట్టింది.

"తియ్యాలె" అన్నాడు కొమురయ్య, లేచి సెల్యూట్ కొట్టి.

ప్రిన్సిపాల్ గారు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి, ఇదే మా వినూత్న విధానమని ఊచల సందులోంచి వివరించారు. బృందం చైర్మన్ ముఖం వెలిగిపోయింది. ఇన్ని కాలేజీలు చూశాం, ఎక్కడా తొలి అడుగులోనే విధానం ఇంత స్పష్టంగా కనపడలేదన్నారు. నలుగురు విద్యార్థులు భుజాలిచ్చారు. చైర్మన్ దూకారు. సభ్యులు దూకారు. పూలదండ గేటు మీది ఊచకు తగులుకుని అక్కడే ఉండిపోయింది.

బోర్డు రూంలో జీడిపప్పు, బాదం పాలు. ఎవరూ పోయకూడదు కాబట్టి పాలు జగ్గులోనే ఉన్నాయి. చైర్మన్ కాగితాలు తిరగేసి, మామూలుగా అడిగారు. "సరే, కళాశాల గుర్తింపు పత్రం అసలు ప్రతి ఒకసారి చూపించండి."

"నెట్‌వర్క్‌ను కోరుతున్నాం!" అని ప్రిన్సిపాల్ గారు మైకులో ప్రకటించారు. గర్వంగా ఉంది ఆ గొంతు. విద్యార్థుల చేతుల మీదుగా ఎవరెవరి దగ్గర నుంచో ముక్కలు వచ్చిపడ్డాయి. ఒకటి చపాతీలో చుట్టుకుని వచ్చింది. సభ్యులంతా ఉత్సాహంగా లేచి, చిన్నపిల్లల్లా బల్ల చుట్టూ చేరి పేర్చడం మొదలుపెట్టారు. పేరుంది, సంవత్సరం ఉంది, సంతకం ఉంది. నడుమ గుండ్రటి ఖాళీ.

"ముద్ర లేదే" అంది బృందంలోని మేడమ్. "ముద్ర లేని గుర్తింపు చెల్లదు కదండీ. అంటే ఈ కళాశాల..."

"లేదు" అన్నారు చైర్మన్ నెమ్మదిగా. "సాంకేతికంగా చూస్తే, మనమిప్పుడు ఒక ఖాళీ స్థలంలో కూర్చున్నాం."

ప్రిన్సిపాల్ గారి ముఖం బాదంపాల రంగుకు తిరిగింది.

గుమ్మం దగ్గర గంగోత్రి నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే, ఆ జేబు మీదే కన్ను. ఇప్పుడు బల్ల మీది గుండ్రటి ఖాళీని చూసింది. తన పర్సులోని గుండ్రటి ముక్క గుర్తొచ్చింది. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"ఆ ముద్ర నా దగ్గరున్నది సార్."

"తల్లీ! ఇలా తే! ఇవ్వు!"

"ఉన్నది అన్న గదా సార్. అది జవాబు."

ప్రిన్సిపాల్ గారు చైర్మన్ వైపు చూశారు.

"ఎట్లున్నదో చెప్పమంటే చెప్త" అంది గంగోత్రి, చేతులు వెనక్కి కట్టుకుని, వైవాలో చెప్పినట్టు. "గుండ్రంగ ఉన్నది. ఊదారంగు. నడుమ దీపం బొమ్మ. ఎడమ పక్కకు సిరా కొంచెం పారింది."

"అద్భుతం!" అని చైర్మన్ పెన్ను తీశారు. "సమాచారం అందింది, వస్తువు కదలలేదు! రాసుకోండి, రాసుకోండి."

"సార్, మీరు జర ఆగండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఉత్తర్వుల భాష జారిపోయి సొంత గొంతు బయటపడింది. "అమ్మా, ఆ నిబంధన ఉద్యోగులకే. నువ్వు విద్యార్థినివి. ఇవ్వొచ్చు."

"విద్యార్థిని గాదు సార్. కాలేజీ విడిచిన తేది మీరే ఏసిన్రు. ఆ ముక్క నా దగ్గరున్నది."

"మరి ఇప్పుడు నువ్వెవరు?"

"జలగను సార్. మీరు పెట్టిన పేరే. ఇవ్వనోళ్లకు ఇవ్వద్దని కూడ మీరే రాసిన్రు. రాసింది మార్చొద్దు గదా?"

అప్పుడు ఆ కాలేజీలో చాలా కాలం తర్వాత ఒక సంఘటన జరిగింది. ప్రిన్సిపాల్ గారి కుడిచెయ్యి కదిలింది. ముందు బల్ల మీద నుంచి లేచింది, గాల్లో కాస్త ఆగింది, చొక్కా మీదుగా పాకింది, జేబులో దూరింది. రెండు వేళ్ల మధ్య చిన్న ముక్క పట్టుకుని బయటికొచ్చి, ముందుకు చాచుకుంది. చెమటకు సంతకం కొసన అలుక్కుపోయింది. గంగోత్రి తన ముద్రను ఇచ్చింది, సంతకం పుచ్చుకుంది. ఆ బల్ల మీదున్న టేపునే తీసుకుని, అక్కడే, వాళ్ల జీడిపప్పు పక్కకు జరిపి, తొమ్మిది ముక్కలూ అతికించుకుంది.

గేటు దగ్గర కొమురయ్య "తియ్యాలె" అన్నాడు. "నాకెందుకన్నా" అని సంచి అవతలికి విసిరి, దండ వేలాడుతున్న ఊచ మీద కాలు పెట్టి దూకి, బస్సు అందుకుంది.

సోమవారం పొద్దున హైదరాబాద్‌లో, కంపెనీ కౌంటర్లో కూర్చున్న మనిషి ఆ టీసీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందమ్మా ఇది? ఎవరన్నా చింపిన్రా?"

"మా కాలేజీ వినూత్న విధానం సార్."

అతనికి ఏమీ అర్థం కాలేదు. అయినా తీసుకున్నాడు, జిరాక్స్ చేసుకున్నాడు, మెడలో వేసుకునే కార్డు ఒకటి తీసి గంగోత్రి చేతికిచ్చాడు. గంగోత్రి ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు సార్. మీరు ఇచ్చిన్రు. చేత్తోటి."

ఇంతకీ కాలేజీ ఏమైందంటారా? అత్యుత్తమ గ్రేడు వచ్చింది. 'గేటు విధానం ప్రత్యేకముగా ప్రశంసనీయము' అని నివేదికలో రాశారు. ఇదే పద్ధతిని మిగతా కాలేజీలన్నింటిలో పెట్టాలని సిఫారసు చేశారు. కత్తెరలకు ఆర్డరు కూడా పోయిందట.

అందుకే ఇప్పుడు అడుగుతున్నది. ఫర్హీన్ టీసీ ఇంకా ముక్కల్లోనే ఉంది. స్నేహితురాలి కోసం అంగట్లో పెట్టిన ముక్కలు ఎవరెవరి జేబుల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. నిన్ననే ఆ పిల్లకూ ఉద్యోగం వచ్చింది. కాబట్టి పెద్దలారా, కమిటీ వేయకండి, నివేదిక తెప్పించకండి, పరిశీలిస్తామనకండి. ఆ కత్తెర కింద పెట్టండి. కొత్త టీసీ రాయండి, కాగితం మొత్తంగా, ఒక్క ముక్కగా. మీలో ఒక్కరు, ఎవరైనా సరే, ఒక్కరు కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరికొచ్చి, దాన్ని ఫర్హీన్ చేతికివ్వండి. అవును, అది సైడ్ ఎఫెక్టే. మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆ ఒక్క సైడ్ ఎఫెక్ట్ కోసమే. అది జరగని రోజున మీ కాలేజీ చేసేదల్లా రూము వేడెక్కించడమే.

రేపు పొద్దున ఆ పిల్ల వస్తోంది. గేటు తియ్యండి. తియ్యాలె అనకండి. తియ్యండి.